ఆట యంత్రం, కూలి లెక్క

ఏ వస్తువుకైనా రెండు ధరలుంటాయి. ఒకటి దుకాణంలో చీటీ మీద రాసి ఉండేది. రెండోది కొనేవాడు మనసులో వేసుకునేది. మన పెద్దవాళ్లు నరసన్నపేట బజారుకి వచ్చి రేడియో ఖరీదో, సైకిలు ఖరీదో అడిగినప్పుడు రూపాయల దగ్గర ఆగేవారు కాదు. ఎన్ని బస్తాల ధాన్యం, ఎన్ని రోజుల కూలి అని వెంటనే మార్చి చూసుకునేవారు. బడి గుమ్మం తొక్కని వాళ్లు కూడా ఈ లెక్కలో తప్పేవారు కాదు. రూపాయి విలువ ఏటేటా మారిపోతుంది. మనిషి పడే ఒక రోజు కష్టం మాత్రం ఎప్పుడూ ఒక రోజు కష్టమే.

ఆ పాత కొలబద్దతో ఒక కొత్తకాలపు వస్తువును కొలిచి చూడాలన్నది ఈ వ్యాసంలో నా ప్రయత్నం. ఆ వస్తువు వీడియో గేమ్ కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆడుకునే యంత్రం. బడి సంచికలో ఆటల గోలేమిటని గురువులు కోప్పడకముందే ఒక మనవి. ఇది పిల్లల కోసం తయారై, పెద్దల జీతాన్ని అడిగే వస్తువు. అది ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, అందినవాళ్లకు ఏ దారిన అందింది అన్న చరిత్ర తిరిగి తిరిగి చివరకు మన బడి దగ్గరికే వస్తుంది. అందుకే దీన్ని ఈ స్వర్ణోత్సవ సంచికకు ఎంచుకున్నాను.

కొలబద్ద

ముందుగా కొలబద్ద ఏమిటో చెప్పుకోవాలి. అమెరికాలో గంటకు ఇంతకన్నా తక్కువ ఇవ్వకూడదని చట్టం నిర్ణయించిన కనీస వేతనం ఉంది. మన దగ్గర అందరికీ తెలిసిన కొలత ఉపాధి హామీ కూలి. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. పక్కనున్న విజయనగరం జిల్లా మొదటి విడతలోనే చేరింది. మన శ్రీకాకుళం రెండో విడతలో, 2007లో చేరింది. తొలిరోజుల్లో మన రాష్ట్రంలో రోజు కూలి 80 రూపాయలు. 2020-21లో అది 237 రూపాయలు, 2024-25లో 300 రూపాయలు. ఆ పథకంలో ఏడాదికి ఒక కుటుంబానికి 100 రోజుల పని హామీ ఉండేది.

రెండూ అట్టడుగు మెట్టు వేతనాలే కాబట్టి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడవచ్చు. వచ్చిన కూలంతా తీసుకెళ్లి ఆట వస్తువు మీద పోసేవారు ఎవరూ ఉండరు. తిండి, బట్ట, మందులు, చదువు అయ్యాకే ఏదైనా. అయినా ఊరికీ వస్తువుకీ మధ్య దూరం కొలవడానికి ఇంతకన్నా నమ్మకమైన గొలుసు నాకు దొరకలేదు.

అమెరికాలో పది రోజులు

ఇంట్లో ఆడుకునే వీడియో గేమ్ యంత్రం మొదటిసారి 1972లో అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. పేరు ఒడిస్సీ. అమ్మినది మాగ్నవాక్స్ అనే టీవీల కంపెనీ. ఆలోచన రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరుది. అందులో మైక్రోప్రాసెసర్ లేదు. తెర మీద కొన్ని తెల్లటి చుక్కలు, ఒక గీత, అంతే. మైదానమో, బల్లో కనిపించాలంటే రంగు బొమ్మలు అచ్చువేసిన పల్చటి ప్లాస్టిక్ రేకును టీవీ తెరకు అంటించుకోవాలి. ధర సుమారు 100 డాలర్లు. అప్పటి కనీస వేతనం గంటకు 1.60 డాలర్లు. అంటే 62 గంటల పని. రోజుకు 8 గంటల లెక్కన సుమారు 8 రోజులు.

ఆ ఏడాది మన దేశంలో టీవీ కేంద్రం ఒక్క ఢిల్లీలోనే ఉండేది. అక్టోబరులో బొంబాయిలో రెండోది మొదలైంది. టీవీకి తగిలించే వస్తువు అక్కడ అమ్మకానికి వచ్చేనాటికి మన ఊళ్లో తగిలించడానికి టీవీయే లేదు. చీటీ మీద రాయని ధర అంటే ఇదే. కన్సోల్ ఖరీదులో టీవీ ఖరీదు, కరెంటు కనెక్షన్ ఖరీదు కలిసి ఉండవు. అవి ముందే ఉన్నాయని కంపెనీ అనుకుంటుంది.

1975లో మాస్ టెక్నాలజీ అనే కంపెనీ 6502 అనే మైక్రోప్రాసెసర్‌ను 25 డాలర్లకే అమ్మకానికి పెట్టింది. పోటీ కంపెనీల చిప్‌లు అంతకు ఎన్నో రెట్ల ధర పలుకుతున్న రోజులవి. ఆ చిప్‌కే కాళ్లు తగ్గించి మరింత చవగ్గా చేసిన రూపాన్ని అటారీ కంపెనీ వాడుకుని 1977లో తన యంత్రాన్ని తెచ్చింది. అందులో ఆట నడిచేటప్పుడు వాడుకునే జ్ఞాపకశక్తి 128 బైట్లు. తెలుగులో ఒక పెద్ద వాక్యం రాసి కంప్యూటరులో దాస్తే దానికే అంతకన్నా ఎక్కువ జాగా పడుతుంది. ధర సుమారు 200 డాలర్లు, కనీస వేతనం 2.30. పదకొండు రోజుల పని. ఆ ఏడాదే హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది.

తరువాతి మజిలీలు త్వరగా చెబుతాను. సోనీ వారి ప్లేస్టేషన్ 1995లో అమెరికాలో 299 డాలర్లు. 9 రోజుల పని. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 కూడా 299 డాలర్లే. ఏడు రోజులు దాటి కొద్దిగా. 2006లో ప్లేస్టేషన్ 3 రెండు రకాలుగా వచ్చింది, 499 డాలర్లది, 599 డాలర్లది. ఖరీదెక్కువని అక్కడి జనం గగ్గోలు పెట్టారు. లెక్క చూస్తే అది 12 నుంచి 15 రోజుల పని. 2020లో ప్లేస్టేషన్ 5 మళ్లీ 499 డాలర్లు. 9 రోజులకు లోపే.

ఇంజనీరుగా నన్ను ఆశ్చర్యపరిచేది ఇదే. దాదాపు యాభై ఏళ్లలో యంత్రం శక్తి లక్షల రెట్లు పెరిగింది. అక్కడి కనీస వేతనం లెక్కలో దాని దూరం మాత్రం వారం నుంచి రెండు వారాల మధ్యే తిరుగుతూ ఉంది. ఇది యాదృచ్ఛికం కాదు. చిప్‌లు చవకైన ప్రతిసారీ కంపెనీలు ధర తగ్గించడం మాని, అదే ధరకు మరింత శక్తిని కూర్చాయి. అక్కడి ఒక మామూలు కుటుంబం పండగకు పిల్లల మీద ఎంత పెట్టగలదో చూసుకుని ఆ గీత దగ్గర ధర నిలబెట్టాయి.

ఆ గీత దగ్గర నిలబెట్టడానికి నష్టం కూడా భరించాయి. 2006లో ఐసప్లై అనే సంస్థ ప్లేస్టేషన్ 3ని విప్పి, భాగం భాగం లెక్కగట్టి, 499 డాలర్లకు అమ్ముతున్న యంత్రం తయారీకే సుమారు 805 డాలర్లు అవుతోందని అంచనా వేసింది. ఆ నష్టాన్ని ఆటల అమ్మకంలో రాబట్టుకోవాలి. ప్రింటరు చవగ్గా ఇచ్చి ఇంకు ఖరీదుగా అమ్మే వ్యాపారం మనకు తెలిసిందే కదా.

జపాన్ చూపిన రెండు దారులు

ధర నిజంగా తగ్గించడానికి దారులు చూపింది జపాన్ వాళ్లు. 1983 జూలైలో నింటెండో కంపెనీ ఫ్యామికామ్ అనే యంత్రాన్ని 14,800 యెన్‌లకు తెచ్చింది. దాని రూపకల్పన మసయుకి ఉయెమురా బృందానిది. అంత తక్కువ ధరకు చిప్ చేసి ఇవ్వడానికి తయారీదారులు వెనకాడితే, నింటెండో అధిపతి యమౌచి రికో కంపెనీకి 30 లక్షల చిప్‌లు కొంటామని ముందే మాట ఇచ్చాడు. అప్పటికి ఒక్క యంత్రం కూడా అమ్ముడుపోలేదు. మనవైపు నలుగురు రైతులు కలిసి లారీ ఎరువు ఒక్కసారే తెప్పించుకుంటే బస్తా ధర తగ్గుతుంది. ఇదీ అదే సూత్రం. తలలు పెరిగితే తల ఒక్కింటికి ఖర్చు తగ్గుతుంది. ఆ యంత్రం ప్రపంచం మొత్తం మీద 6 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

రెండో దారి చూపింది అదే కంపెనీలో పనిచేసిన గున్‌పేయి యోకోయి. అందరూ కొత్త సాంకేతికత వెంట పరుగెడుతుంటే ఆయన పాతబడి చవకైనదాన్ని తీసుకుని దానికి కొత్త పని అప్పగించేవాడు. 1980లో క్యాలిక్యులేటర్ల తెరతో చేతిలో పట్టే ఆట తయారుచేశాడు. 1989లో వచ్చిన గేమ్ బాయ్‌కు రంగుల తెర పెట్టలేదు. అందుకే నాలుగు చిన్న బ్యాటరీలతో గంటల తరబడి నడిచేది. అమెరికాలో ధర సుమారు 90 డాలర్లు, నాలుగు రోజులకు లోపు పని. రంగుల తెరలతో వచ్చిన పోటీ యంత్రాలు ఖరీదుతోనూ బ్యాటరీల దాహంతోనూ వెనకబడ్డాయి.

తలలు కూడగట్టడం, పాతదాన్ని వాడుకోవడం. ఈ రెండు మాటలు గుర్తుంచుకోండి. మన ఊరికి ఆట యంత్రం వచ్చింది ఈ రెండు దారుల్లోనే. అయితే వేసినవాళ్లు కంపెనీలు కాదు.

మన దారి: గంట అద్దె

ఎనభైల్లో మన దేశంలోకి విదేశీ ఎలక్ట్రానిక్ వస్తువు రావాలంటే లైసెన్సులు, భారీ సుంకాలు అడ్డం. సింగపూరు నుంచో, గల్ఫ్ నుంచో ఎవరైనా పెట్టెలో పెట్టుకుని తేవాలి. 1982 ఏషియాడ్ వేళకు రంగుల ప్రసారాలు మొదలయ్యాయి గాని, మన పల్లెల్లో టీవీ వీధికొకటి ఉంటే గొప్ప. 1987 జనవరిలో రామాయణం ధారావాహిక మొదలయ్యాక ఆదివారం పొద్దున ఆ ఒక్క ఇంటి అరుగు వీధందరిదీ అయిపోయేది. పెళ్లికో, జాతరకో టీవీ, వీసీపీ, నాలుగు క్యాసెట్లు రాత్రికి అద్దెకు తెచ్చి తెల్లవార్లూ సినిమాలు చూసిన తరం మనది. కొనలేనిదాన్ని పంచుకోవడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

నా తరం పదో తరగతి దాటి వెళ్లిపోయాక, మన తమ్ముళ్ల కాలంలో, తొంభైల్లో ఆట యంత్రం నిజంగా వచ్చింది. నగరాల్లో సమురాయ్, మీడియా వంటి పేర్లతో టీవీ గేములు అమ్మేవారు. వాటి వెనకే తైవాన్, చైనా నకళ్లు వచ్చాయి. నింటెండో 1983లో చేసిన యంత్రాన్ని అనుకరించినవే అవన్నీ. మొదట్లో వాటి లోపలా అన్ని చిప్‌లూ విడివిడిగా ఉండేవి. తొంభైల చివరికి యంత్రం మొత్తం ఒకే చిప్‌లోకి కుదించుకుపోయింది. మూత విప్పితే పచ్చ పలక మీద నల్లటి జిగురు బొట్టు ఒకటి కనిపించేది. ఆ బొట్టు కిందే పదిహేనేళ్ల కిందటి జపాన్ యంత్రం అంతా ఉండేది. అనుమతి లేని నకలు అన్న మాట నిజమే. మన బజారు ధరకు దిగివచ్చిన మొదటి యంత్రం అదే అన్నదీ అంతే నిజం.

అయినా ఇంటింటా కొన్నారనుకుంటే పొరపాటు. బస్టాండు పక్కనో, సినిమాహాలు సందులోనో ఒక చిన్న గది, రెండు టీవీలు, రెండు యంత్రాలు, ఒక బెంచీ. గంటకు ఐదో పదో రూపాయలు. ఇదీ మన ఊళ్లకు తెలిసిన వీడియో గేమ్. ఆట బిళ్లను కార్ట్రిడ్జ్ అని ఎవరూ అనలేదు, అది క్యాసెట్టే. మారియో, కాంట్రా, ట్యాంకులు, రోడ్ ఫైటర్. క్యాసెట్ మీద లక్షల్లో ఆటలున్నట్టు తొమ్మిదులు వరసగా అచ్చువేసి ఉండేవి. తీరా చూస్తే నాలుగైదు పదుల ఆటలే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి.

ఐదుగురు కుర్రాళ్లు తలా రెండు రూపాయలు వేసుకుంటే ఒక గంట. ఇద్దరు ఆడతారు, ముగ్గురు వెనక నిలబడి సలహాలిస్తారు. ఓడినవాడు లేస్తాడు, గెలిచినవాడు కూర్చుంటాడు. లెక్కల్లో చెప్పాలంటే, వేల రూపాయల యంత్రం ధరను నెలలతోనూ గంటలతోనూ తలలతోనూ భాగించి రెండు రూపాయలకు దించారు. జపాన్‌లో యమౌచి 30 లక్షల చిప్‌లతో చేసిన పనిని మన సందులో గది అద్దెకు తీసుకున్న కుర్రాడు ఒక బెంచీతో చేశాడు.

గంట అద్దె అందనివాళ్లు

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. ఆ గదుల్లో మీకు గుర్తున్న ముఖాలన్నీ తలచుకోండి. అందులో ఒక్క ఆడపిల్లయినా ఉందా?

మన బడిలో అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకే తరగతిలో కూర్చుని చదివారు. లెక్కల్లో మొదటి మార్కులు తరచు వాళ్లవే. అదే తరగతి అబ్బాయి రెండు రూపాయలతో యంత్రం దగ్గరికి వెళ్లగలిగాడు. అమ్మాయి చేతిలో పది రూపాయలున్నా వెళ్లలేకపోయింది. సందులో గది, కుర్రాళ్ల గుంపు, చీకటి పడే వేళ. ఏ ఇంట్లోనూ పంపరు. ఆమెకు అది అందాలంటే ఇంట్లో ఉండాలి. ఇంట్లో ఉండాలంటే మొత్తం యంత్రం కొనాలి. అంటే అబ్బాయికి రెండు రూపాయల వస్తువు, అదే వీధి అమ్మాయికి వేల రూపాయల వస్తువు. ఇంట్లో కొన్నా మొదట చేతిలోకి తీసుకునేది అన్నో తమ్ముడో.

ఏ ధరల పట్టికలోనూ ఈ తేడా కనిపించదు. నా వృత్తిలో ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. యంత్రం అంటే బెరుకు లేకపోవడం పుస్తకాల వల్ల రాదు. చిన్నప్పుడు ఏదో ఒక యంత్రాన్ని విరిగిపోతుందన్న భయం లేకుండా చేతిలో తిప్పినవాళ్లకు అది సహజంగా వస్తుంది. ఆ కుర్రాళ్లకు అద్దె గది ఇచ్చింది వినోదం ఒక్కటే కాదు, ఈ చనువు కూడా. మన తరగతిలో సగం మందికి ఆ చనువు డబ్బు లేక కాదు, చోటు లేక అందలేదు.

దుకాణాలకు వచ్చాక

అసలు యంత్రాలు మన దేశంలో అధికారికంగా, పెద్ద ప్రచారంతో అమ్మకానికి వచ్చిన కాలానికి వద్దాం. 2006 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360 వచ్చింది. చిన్న రకం 19,990 రూపాయలు. రోజుకు 80 రూపాయల ఉపాధి కూలి చొప్పున 250 రోజులు. 2007 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 3 వచ్చింది. 39,990 రూపాయలు, అంటే 500 రోజులు. అప్పట్లో ఏడాదికి 100 రోజుల పని హామీ గనక, ఒక కుటుంబానికి దొరికే ఐదేళ్ల హామీ పని మొత్తం అందులో పోయాలి. ఖరీదెక్కువని గగ్గోలు పెట్టిన అమెరికా వాడికి అదే యంత్రం 15 రోజుల పని.

2021 ఫిబ్రవరి 2న ప్లేస్టేషన్ 5 మన దేశానికి వచ్చింది. 49,990 రూపాయలు. అప్పటి కూలి 237తో భాగిస్తే 211 రోజులు. 2022 నవంబరులో దాన్ని 54,990కి పెంచారు. 2024-25 కూలి 300తో చూస్తే 183 రోజులు. 500 నుంచి 183కి దూరం తగ్గిన మాట నిజం. తగ్గించింది మాత్రం యంత్రం కాదు. యంత్రం ధర రూపాయల్లో పెరిగింది. కూలి అంతకన్నా వేగంగా పెరిగింది కాబట్టి దూరం తగ్గింది. ఇది మన శ్రామికులు దగ్గర చేసుకున్న దూరం.

పన్నుల మాటా చెప్పాలి. 2018 బడ్జెట్లో ఈ యంత్రాల దిగుమతి సుంకాన్ని 10 శాతం నుంచి 20 శాతానికి పెంచారు. జీఎస్టీ మొదట 28 శాతం. 2019 జనవరి 1 నుంచి 18 శాతం చేశారు. సుంకాల పట్టికలో ఇది పేకముక్కలు, బిలియర్డ్స్ బల్లలు, కాసినో బల్లలు ఉన్న పద్దులోనే ఉంటుంది. పిల్లల యంత్రాన్ని లోకం ఏ కళ్లతో చూసిందో ఆ పద్దే చెబుతోంది.

యంత్రం కొన్నాక కథ అయిపోదు. 2021లో ప్లేస్టేషన్ 5కి ఒక కొత్త పెద్ద ఆట 4,999 రూపాయలు ఉండేది. యంత్రం వచ్చిననాటి కూలి లెక్కలో 21 రోజులు. ఒక్క ఆటకే అమెరికా వాడి మొత్తం యంత్రం కన్నా ఎక్కువ రోజుల పని మన దగ్గర.

ఒకప్పుడు ఓపిక పడితే చవకయ్యేది. 2000లో 299 డాలర్లున్న ప్లేస్టేషన్ 2, 2009లో 99 డాలర్లకు దిగింది. అందుకే అది 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మన ప్లేస్టేషన్ సెంటర్లలోనూ ఏళ్ల తరబడి దాన్నే నడిపారు. 2009లో మన హైదరాబాదు కంపెనీలు కూడా దానికే ఆటలు చేశాయి. ఔరోనా టెక్నాలజీస్ వారు బాల హనుమంతుడి ఆట చేస్తే, గేమ్‌శాస్త్ర వారు ‘దేశీ అడ్డా’ పేరుతో చెడుగుడు, గూటీబిళ్ల, గాలిపటాల పోటీ వంటి మన ఆటలను తెర మీదికి తెచ్చారు. ప్లేస్టేషన్ 3 వచ్చి రెండేళ్లు దాటినా తొమ్మిదేళ్ల పాత యంత్రానికి ఎందుకు చేశారంటే, మన ఇళ్లలో ఉన్నది అదే గనక. యోకోయి చెప్పిన రెండో దారి ఇది. ఇప్పుడు ఆ దారీ మూసుకుపోతోంది. ప్లేస్టేషన్ 5 ధర మన దగ్గర 2022లో పెరిగింది, అమెరికాలోనూ 2025 ఆగస్టులో 499 నుంచి 549 డాలర్లకు పెరిగింది. ఏళ్లు గడిచినకొద్దీ ధర పెరిగే ఆట యంత్రాన్ని మనం మొదటిసారి చూస్తున్నాం.

ధర చెప్పని యంత్రం

ఇంతలో మరో యంత్రం ఈ వరసను దాటుకుని ఇంటింటికీ వచ్చేసింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది. కన్సోల్ కొననివాడి చేతిలోనూ ఫోను ఉంది. అందులో ఆట ఉచితం. కొంతవరకు ఆడపిల్ల చేతికీ అందింది. దీన్ని తక్కువ చేసి చూడను.

అయితే కన్సోల్‌కు ఒక నిజాయితీ ఉంది. తన ధర గుమ్మంలోనే చెబుతుంది. 183 రోజులంటే 183 రోజులు. కావాలంటే కొను, లేదంటే వెళ్లిపో. ఉచిత ఆట ధర చెప్పదు. ఆడుతుండగా కొంచెం కొంచెంగా అడుగుతుంది. రంగు చొక్కాకు ఇంత, కొత్త తుపాకీకి ఇంత. డబ్బు లేనివాడి దగ్గర నిద్ర తీసుకుంటుంది. పబ్‌జీని 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించింది. ఆ నెలలోనే మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ వంటి డబ్బు ఆటలను నిషేధిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది. చట్టాలు వచ్చేలోగా కూలి డబ్బు, చిట్టీ డబ్బు, చదువుకు పంపిన డబ్బు పోగొట్టుకున్న ఇళ్లు మనకు తెలుసు. వాళ్లు ఎన్ని రోజుల కూలి ఇచ్చారో ఎవరూ ముందుగా చెప్పలేదు. ఆ ఆటకు చీటీ లేదు.

అందని ధర ఒక సమస్య. కనబడని ధర అంతకన్నా పెద్ద సమస్య. మొదటిదానికి మనవాళ్లు అద్దె గదితో సమాధానం చెప్పారు. రెండోదానికి ఇంట్లో ఒంటరిగా, దుప్పటి కింద ఫోనుతో ఉన్న పిల్లవాడికి ఎవరూ తోడు లేరు. గంట అద్దె గదిలో కనీసం గంట అయిందని చెప్పడానికి ఒక మనిషి ఉండేవాడు.

లెక్క బడికి వచ్చింది

మొదట్లో అన్నట్టు, ఇప్పుడు బడి దగ్గరికి వచ్చాం. స్వర్ణోత్సవం అనగానే బడికి ఏమిద్దామన్న మాట వస్తుంది. గోడకు రంగు, గేటు, శిలాఫలకం, అన్నీ మంచివే. ఖరీదైన పరికరం ఏదన్నా ప్రస్తావనకు వస్తే మాత్రం మన పిల్లలకు ఇంత ఖరీదైనది ఎందుకని వెనక్కి తగ్గుతాం. చీటీ మీది ధర చూసి భయపడతాం. చరిత్ర చెప్పిన లెక్క ఒకటి వేసి చూడండి.

ఉదాహరణకు ఈ 54,990 రూపాయల యంత్రాన్నే తీసుకుందాం. 40 మంది పిల్లలున్న ఒక్క తరగతి ఐదేళ్లు వాడితే, పిల్ల ఒక్కింటికి ఏడాదికి 275 రూపాయలు. టీవీ, ఆటలు, మరమ్మతులు కలిపి రెట్టింపు అనుకున్నా 550. అంటే రెండు రోజుల కూలికి లోపు. సొంతంగా కొనాలంటే 183 రోజులు, బడిలో పంచుకుంటే రెండు రోజులు. అద్దె గది కుర్రాడు వేసిన భాగహారమే ఇది. ఒక్క తేడా ఉంది. బడి గదిలోకి ఆడపిల్ల కూడా రాగలదు.

కన్సోల్ కొని ఇమ్మని నా పట్టుదల కాదు. దాని స్థానంలో టెలిస్కోపు పెట్టండి, కంప్యూటర్లు పెట్టండి, రోబో కిట్లు పెట్టండి, పిల్లలే ఆటలు తయారుచేసే పరికరాలు పెట్టండి. సూత్రం ఒకటే. ధరను తలలతోనూ ఏళ్లతోనూ భాగించి చూడాలి. ఇచ్చేటప్పుడు రెండు షరతులు మాత్రం మనమే పెట్టాలి. ఒకటి, వంతుల పట్టిక గోడ మీద ఉండాలి, అందులో అమ్మాయిల వంతు అమ్మాయిలదే కావాలి. రెండు, ఆ పరికరం బీరువాలో తాళం వేసి ఉండకూడదు. పాడవుతుందని దాచిన పరికరాన్ని వాడేవాళ్లు సున్నా. ఏ సంఖ్యనైనా సున్నాతో భాగిస్తే ఏమవుతుందో మనందరికీ మన లెక్కల మాస్టారు బోర్డు మీద రాసి చూపించారు.